జడ్జికి రాసిచ్చిన పేరు

మా బస్తీలో జడ్జి అన్న మాట వినబడితే ఆడోళ్లు పని ఆపి తలెత్తుతరు. ఎవరి కొడుకును పోలీసులు తీస్కపోయిన్రో అని. ఉప్పుగూడ రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగిన నాకూ 1998 దాకా ఆ మాటకు వేరే అర్థం తెలియదు. ఆ ఏడు నాకు పరిచయమైన జడ్జి అమెరికాలో ఒక యూనివర్సిటీ కంప్యూటర్లో ఉండేది. ఈమెయిలు పంపితే జవాబిచ్చేది. కొట్లాడుకునే ఏడుగురిలో ఎవరి మొఖమూ చూడకుండా తీర్పు చెప్పేది.

ఆట పేరు డిప్లొమసీ. అలన్ కాల్హమర్ అనే అమెరికన్ 1959లో సొంత డబ్బుతో 500 పెట్టెలు చేయించి అమ్మాడు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందరి యూరపు పటం మీద ఏడు రాజ్యాలు. 34 కేంద్రాల్లో 18 ఎవరికి దక్కితే వాళ్లది గెలుపు. శకుని పాచికలు లేవు. అందరూ తమ ఆజ్ఞలను చీటీల మీద రహస్యంగా రాస్తారు. అన్ని చీటీలూ ఒక్కసారే విప్పుతారు. ఒక సైన్యం మీదికి ఇంకొక సైన్యం పోతే బలం సమానం, ఎవ్వరూ జరగరు. పక్కవాడు మద్దతు రాసిస్తేనే జరిగేది. అందుకని బతిమాలాలి, ఒప్పందాలు చేసుకోవాలి. ఎప్పుడో ఒకనాడు వెన్నుపోటు తప్పదు.

చీటీలన్నీ ఒక్కసారే విప్పుడు అనేది నాకు అన్నిటికన్నా నచ్చింది. మా నాయిన పుట్టింది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. ఆడ పంచాయితీలో ముందు దొర మాట్లాడుతడు. ఆయన మాట విన్నంక మిగతోళ్లు తమ మాటను దానికి సరిపోయేటట్టు కోసుకుంటరు. మావోళ్లు చెప్పులిడిచి దూరంగ కూసోని, ఆఖరికి ‘మీ దయ దొరా’ అంటరు. ముందుగ చీటీ రాసే హక్కు మావోళ్లకు ఎవడిచ్చిండు?

ఈ ఆటకు ఏడుగురు ఒక్క బల్ల చుట్టూ కుదరడం కష్టం. 1963లో జాన్ బోర్డ్‌మన్ దాన్ని పోస్టులో ఆడించడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి అభిమానులే చిన్న చిన్న పత్రికలు అచ్చొత్తి, ఫలితాలు వేసి, చందాదారులకు పంపేవాళ్లు. లాభం లేదు, జీతం లేదు. మన విద్యార్థి సంఘాలు రాత్రంతా సైక్లోస్టైల్ మిషన్ తిప్పి, చేతులకు సిరా పూసుకుని కరపత్రాలు తీసినట్టే. 1980ల చివర కెన్ లోవ్ అనే ఆయన వాషింగ్టన్ యూనివర్సిటీలో ఉండి ఒక ప్రోగ్రాం రాశాడు. ఆటగాళ్ల ఈమెయిళ్లు అందుకుని, గడువు రాగానే తీర్పు కట్టి, ఫలితాన్ని ఏడుగురికీ పంపే ప్రోగ్రాం. దానికే జడ్జి అని పేరు. ఊరికే ఇచ్చేశాడు. దాన్ని తీసుకుని ఎందరో తమ తమ మిషన్ల మీద నడిపారు. ఒక్కో దానికి నాలుగక్షరాల పేరు, మొదటి రెండు అక్షరాలు దేశానివి. నడిపేవాళ్లను జడ్జి కీపర్లనేవారు. చాలామంది విద్యార్థులు, చిన్న ఉద్యోగులు.

విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్టు తెరిచింది 1995 ఆగస్టు 15న. జనం అంటే ఎవరని అడగాలె. ఫోనున్నోడు, కంప్యూటరున్నోడు, చందా కట్టగలిగినోడు. మా గల్లీలో ఫోను కిరాణకొట్టులో ఒకటే. నాకు అందింది డిగ్రీ అయినంక ఆబిడ్స్ దిక్కు ఒక ఆఫీసులో రాత్రి డ్యూటీ దొరికితే. డేటా ఎంట్రీ పని. నాతో పనిచేసే కేరళ అబ్బాయి ఈ ఆటను చూపించిండు. దీనికి నెట్టు మీద గంటలు కూసునే పనిలేదు. ఆజ్ఞలు ముందే టైపు చేసి పెట్టుకుంటే, కలిపిన నిమిషంలో పోతయి. ఆఫీసు మెయిళ్లతోపాటు నావి నాలుగు వరుసలు. పేదోనికి పనికొచ్చే ఆట.

ఆ వరుసలు చూస్తే ఎవరికీ అర్థం కావు. ‘ఏ కాన్-బుల్’ అని రాస్తే కాన్‌స్టాంటినోపుల్‌లోని సైన్యం బల్గేరియాకు పోవాలని. పటం కొనే స్తోమత ఎక్కడిది? పాత క్యాలెండరు వెనకవైపు గీసుకున్న. సైన్యాలకు చింతగింజలు, ఓడలకు పుట్నాలు. పొద్దున నేను డ్యూటీ దిగి వచ్చి పటం పరిచేసరికి మా నాయిన చీపురు భుజానేసుకుని మున్సిపాలిటీ పనిమీద పోయి రెండు గంటలయ్యేది. మా అమ్మ చూసి, ‘గింత చదివి వామనగుంటలు ఆడుతున్నవారా బిడ్డా’ అన్నది. ఓడలను మా చెల్లె తినేసేది. నల్లసముద్రం నౌకాదళం అట్ల రెండుమార్లు పోయింది.

మొదటి ఆటలో నాకు టర్కీ వచ్చింది. పాతబస్తీలో ఉండి టర్కీ ఆడుడు! ఆ దేశం ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను 1924లో వెళ్లగొట్టింది. ఆయన బిడ్డ దుర్రు షెహ్వార్‌ను 1931లో మన నిజాము పెద్దకొడుక్కు ఇచ్చి పెండ్లి చేసిన్రు. ఆమె పేరున పురానీ హవేలీ దగ్గర ఆసుపత్రి ఉంది. మా గల్లీ పిల్లలకు జ్వరమొస్తే ఆడికే ఎత్తుకుని ఉరికేది. రాజులు, ఖలీఫాలు ఇట్ల మాకు ఆసుపత్రి పేర్లుగనే తెలుసు. అట్లాంటిది వాళ్ల రాజ్యం క్యాలెండరు మీద నా చేతికి వచ్చింది.

అసలు ముచ్చట ఆటలో చేరే ఫారం దగ్గరుంది. జడ్జి మొదట పేరడుగుతుంది, చిరునామా అడుగుతుంది, ఫోన్ నంబరు అడుగుతుంది. కిరాణకొట్టు నంబరు రాసిన. పేరు దగ్గర ఒక్క పేరే రాసి ఊరుకున్న, ఇంటిపేరు మింగేసి. అట్ల మింగుడు నాకు చిన్నప్పటి నుంచి అలవాటు చేసిన్రు. పేరడుగుతరు, ఇంటిపేరడుగుతరు, మీ నాయిన ఏం చేస్తడని అడుగుతరు. మూడో జవాబు దాకా పోతే ఆ ఇంట్ల కిరాయికి గది లేదు. ఆఫీసులో టిఫిన్ డబ్బా పక్కకు జరుగుతది.

ఆ ఆటల్లో గన్‌బోట్ అని ఒక రకముంది. అందులో ఎవరి పేరూ ఎవరికీ చెప్పరు. రష్యా నుంచి టర్కీకి ఉత్తరం అని జడ్జి మధ్యలో నిలబడి అందిస్తుంది, అంతే. నేను దానికే చేరిన. రష్యావాడు మొదటి ఉత్తరంలోనే నల్లసముద్రాన్ని ఖాళీగా ఉంచుదామన్నడు. ఒప్పుకున్న. ఆ రెండు దేశాల పొత్తును ఆ ఆటగాళ్లు జగర్నాట్ అంటరు, మన పూరీ జగన్నాథుని రథం పేరే. ఊర్లో రథం మా వాడకు రానేరాదు. ఇక్కడ ఒక చక్రం నాదే అయింది. ఏడు నెలలు ఆడినం. ఆయన నా వెనక ఎన్నడూ కత్తి తిప్పలే, నేను ఆయన వెనక తిప్పలే. వియన్నా ఆయన తీసుకుంటే రోము నేను తీసుకున్న. ఆఖరికి ఇద్దరం డ్రాకు ఒప్పుకున్నం.

ఆట అయిపోతే జడ్జి అందరి పేర్లూ బయటపెడుతుంది. రష్యా తెలుగాయన! కోస్తా జిల్లా నుంచి పోయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసిండు. ‘ఇన్నాళ్లూ పక్కపక్కన పోరాడింది మనవాడేనా’ అని ఎంత సంబరం! రెండో ఉత్తరంలో ‘మీ ఇంటిపేరేమిటి, మీరు ఏమిట్లు’ అని అడిగిండు. మాదిగోళ్లమని రాసిన, నాయిన పని కూడా రాసిన. నాలుగు రోజులకు జవాబు. తనకు కులం పట్టింపు లేదట. ఆటలోకి కులాన్ని తేవడం నాకు మంచిది కాదట. అడిగింది ఎవరో మరిచిపోయిండు. ఆ తర్వాత ఎన్నడూ రాయలేదు. ఇంకో ఆటలో పొత్తు పెట్టుకుందామన్న మాట కూడా పోయింది.

అప్పటికి దండోరా నాలుగేండ్ల పిల్ల. 1994 జూలై 7న ఈదుమూడిలో మొదలైనప్పటి నుంచి మావోళ్లు పేరు చివర మాదిగ అని రాసుకుంటున్నరు, గోడల మీద, పెండ్లి పత్రికల మీద. మా నాయినకు అది నచ్చకపోయేది. తిట్టే మాటను మెడకెందుకు వేసుకునుడు అనేది. నేను ఆ రాత్రి డ్యూటీలో జడ్జికి కొత్త ఫారం పంపిన. పేరు దగ్గర నా పేరు, పక్కన మాదిగ.

మారుపేర్లు లేని ఆటలో చేరిన. ఈసారి ఆస్ట్రియా నాది, ఇటలీ న్యూజిలాండు నుంచి ఒక పంతులమ్మ. ఆమె మొదటి ఉత్తరం ‘డియర్ మిస్టర్ మాదిగ’ అని మొదలైంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డ. ఆ మాటకు ముందు మిస్టర్ అని పెట్టినోళ్లను అప్పటిదాకా చూడలేదు. ఆమెకు అది ఇంటిపేరే. చానా రోజులకు ఆ పేరుకు అర్థమేందని అడిగింది. తోలు, డప్పు, చెప్పు, కారంచేడు, అన్నీ రాసిన. సారీ అనో పాపం అనో రాస్తదనుకున్న. ‘చెప్పినందుకు థాంక్స్. ట్రియెస్టెలో నీ సైన్యం ఎందుకుంది, నామీదికేనా?’ అని రాసింది. నామీద నమ్మకం లేనందుకు నాకు ఎంత సంతోషమైందో.

సంఘంలో మా అన్నొకాయన కోపానికొచ్చిండు. ‘ఊర్లల్ల మనోళ్లకు జానెడు భూమి లేదు, నువ్వు యూరపును పంచుకుంటున్నవా’ అన్నడు. ఆయన మాటను కొట్టెయ్యలేను. కానీ మనోళ్ల మీటింగుల్లో ఇద్దరు నాయకులను ఎవడు ఎట్ల విడదీస్తున్నడో నేను ముందే పసిగట్టేది ఆ ఆటవల్లనే. ఇద్దరికీ ఒకే మాట వేరే వేరేగా చేరవేసేటోడు ఏ ఉత్తరం రాస్తడో నాకు వందసార్లు వచ్చింది.

2010 మార్చిలో పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టిన్రు. ఇంట్లో నెట్టు లేదు, సైబర్ కేఫ్ షట్టరు తెరవలే. గడువు దాటింది. ఆజ్ఞలు పంపనివాని రాజ్యానికి జడ్జి ఒక పేరు పెడుతుంది: సివిల్ డిజార్డర్. కర్ఫ్యూ ఎత్తేసినంక మెయిలు తెరిస్తే నా రాజ్యం పక్కన అదే రాసుంది. గల్లీ మొగదల ఇంకా పోలీసు వ్యాను నిలబడే ఉండె.

తర్వాత జడ్జిలు ఒక్కొక్కటే మూతపడ్డయి. కీపరు ఉద్యోగం మారిండనో, మిషను పాతదైందనో. కొత్త పిల్లలు వెబ్‌సైట్ల మీద బొమ్మలు నొక్కుతూ ఆడుతున్నరు. నేను ఆడుతున్న చివరి జడ్జిని ఆపే ముందు దాని కీపరు అందరికీ ఒక మెయిలు పెట్టిండు, నడుస్తున్న ఆటల జాబితాతో. మా ఆట 1907 శరత్తు కాడ ఆగిపోయింది. ఆ జాబితాను ఆఫీసులో అచ్చు తీసి ఇంటికి తెచ్చిన. నాయిన రిటైరై మంచంల ఉండె. ఇంగ్లీషు రాదు గనుక పేరు మీద వేలు పెట్టి చూపించమన్నడు. చూపించిన.

‘ఇంకా గెలిచేదుండెనా?’ అన్నడు.

‘నాలుగు కేంద్రాలు తక్కువున్నయి నాయినా’ అన్న.