దేవుణ్ని నువ్వు అనే నోరు

మాయమ్మ రెడ్డిని 'మీరు' అనేది. షావుకారుని 'మీరు' అనేది. బడిలో అయ్యవారిని, బస్సు కండక్టర్ని కూడా 'మీరు' అనేది. దేవుణ్ని మాత్రం 'నువ్వు' అనేది. మార్కాపురం, గిద్దలూరు వైపు మాదిగ పల్లెల్లో ఈ క్రైస్తవమేందని ఉద్యమ మిత్రులు అడిగినప్పుడల్లా నేను ముందుగా ఈ మాటే చెప్తాను.

కోడి కూయకముందే లేచి, కొంగు నెత్తిన కప్పుకొని, చాప మీద మోకాళ్ళూని మాట్లాడేది. అది మంత్రం కాదు, లెక్క. "నాయనా, కంది కోతల కూలి ఇంకా ఇయ్యలేదు, నువ్వు చూస్తానే ఉన్నావు. పలకల గనిలో దుమ్ముకి ఆయనకి దగ్గు తగ్గలే. పిలగానికి నోటుబుక్కులు లెవ్వు. ఇనపడతాందా నీకు?" ఇది అడుక్కోవడం కాదు, నిలదీయడం. పగలంతా దించుకున్న తలకాయ ఆ అరగంట సేపు లేచేది. కూలి అప్పటికీ రాలేదు, దగ్గు తగ్గలేదు. అయినా లేచి వచ్చినాక ఆమె మొకం తేటగా ఉండేది. ఆ తేటదనం ఎక్కడి నుంచి వస్తాదో నేను బీయిడీలో చదివిన సైకాలజీ పుస్తకాల్లో దొరకలేదు.

మార్కాపురం పలకలు దేశమంతా పోయినయ్. ఆ రాయి తవ్విన మా నాయన పలక మీద ఒక్క అక్షరం రాసి ఎరగడు. అమ్మ మాత్రం సండేస్కూల్లో బైబిలు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటా చదవడం నేర్చింది. ఇంట్లో డిగ్రీ పాసయింది మొదట నేనే, కానీ మొదటి చదువరి ఆమె.

గంజికి అమ్ముడుపోయినోళ్ళు అంటారు మమ్మల్ని. వామపక్షంలో ఉన్న మంచివాళ్ళు కూడా అంటారు. వాళ్ళకు ఎర్రగుంట్ల పేరయ్య సంగతి చెప్పాలి. కనిగిరి వైపు మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. గురువుల దగ్గర రాజయోగం నేర్చుకొని, అప్పటికే లోపలి శాంతి వెతుక్కుంటా తిరిగినోడు. భార్యతో కలిసి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ధాత కరువు వచ్చింది ఆ తర్వాత పదేళ్ళకు, 1876లో. అప్పుడు క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళు కాంట్రాక్టు పట్టి ఆకలిగొన్న జనానికి పని చూపించాడు. కరువు పనులు సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పోయినాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగారు. ముంచింది తెల్లదొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకొని ముంచారు. ఆ గుండ్లకమ్మ మా నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి కిందికి పోయేదే. పైవాళ్ళ బావిలో చేద వేయనియ్యని జనాన్ని ఏరు కాదనలేదు.

మతం మారితే కులం పోతుందని ప్రభుత్వం నమ్ముతుంది. ఊరు నమ్మదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. మా నాయన ఉన్నది ఉన్నట్టు రాయించాడు, కాబట్టి నాది బీసీ-సి, ఒక్క శాతం. మా చిన్నాయన కొడుకుది ఎస్సీ సర్టిఫికెట్. ఇద్దరం ఒకే బెంచీ మీద కూచొని ఒకే పాట పాడతాం. వాణ్ని నేను తప్పుపట్టను. బతకనియ్యని రూలుది తప్పు. క్రైస్తవంలోకి మారి దాన్ని ఆచరించేవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని ఒక పాస్టరు కేసులో మన హైకోర్టు 2025లో తీర్పిచ్చింది.

నేను పనిచేసిన ఒక బడిలో టీ వేళకు అందరికీ స్టీలు గ్లాసు, నాకు కాగితం గ్లాసు. అడిగితే "శుభ్రం గదండీ" అనేవాళ్ళు. నేను మాదిగనని వాళ్ళకు తెలుసు, చట్టానికే తెలియదు. కేసు లేదు, కాగితం లేదు. ఆ రాత్రి ప్రార్థనలో కూచుంటే కోపం పోలేదు గానీ వణుకు పోయింది. తెల్లారి అందరి ముందూ స్టీలు గ్లాసు నేనే కడుక్కొని, టీ పోసుకొని తాగాను. ఎవరూ నోరెత్తలేదు. ఇంత చిన్న పనికి అంత ప్రార్థనా అని నవ్వకండి. ఆ గ్లాసు బరువెంతో మీకు తెలుసు.

"అంబేద్కర్ బౌద్ధం తీసుకుంటే నువ్వింకా ఈడనే ఉన్నావా?" అని నా స్టూడెంట్ ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. వాడితో నాకు పేచీ లేదు. ఆయన నాగపూర్‌లో వెతుక్కున్నది, పేరయ్య ఒంగోలుకు నడిచిపోయి వెతుక్కున్నది నాకు వేరువేరుగా కనపడవు.

చర్చిని నేను వెనకేసుకు రాను. మాలపల్లెకొక చర్చి, మాదిగపల్లెకొక చర్చి ఉన్న ఊళ్ళు మా వైపు ఇప్పటికీ ఉన్నాయి. సమాధుల కాడ కూడా గిరి గీస్తారు. ఇంకొకటి, డప్పు. జాతర్లలో కొట్టిందని దాన్ని బయట పెట్టారు. మా తాతల చేతుల్లో బతికిన తోలుకు దేవుని ఇంట్లో చోటు లేదన్నారు. కంజీర ముద్దు, డప్పు దయ్యమా? రెండూ తోలే గదా!

మొన్న క్రిస్మస్ రాత్రి మేం నలుగురం మంట కాడ డప్పులు కాచుకొని చర్చిలోకి తీసుకొచ్చాం. సంఘపెద్ద ఒకాయన లేచి బయటికి పోయాడు. పాస్టరుగారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. మూడో దరువుకు మాయమ్మ చెప్పులు పక్కన పెట్టి చిందేసింది. నాయన దగ్గుకుంటానే చిడతలు అందుకున్నాడు. తెల్లారి మిరపతోట పనికి పిలవను రెడ్డి మనిషి వస్తే, ఆమె గుమ్మం దిగకుండానే "ఈ పొద్దు పండగ, రేపు రా" అనింది.