కొండబాట మీద ఐదు దినాలు

2019వ సంవత్సరం జూన్ నెలాఖరున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మూడు వారాలు గడిపే అవకాశాన్ని ప్రభువు మాకు దయచేశాడు. అక్కడి తెలుగు విశ్వాసుల కూడికలలో వాక్యం చెప్పడానికి వెళ్ళి, మా బావమరిది ఇంట బస చేశాము. ఇల్లు పెద్దది. భోజనానికి లోటు లేదు. కాని మా ఇద్దరి మధ్య మాటలు మాత్రం కొద్దిగానే ఉండేవి. అందుకు కారణం ఉంది.

2015లో మా మామగారు ప్రభువునందు నిద్రించారు. ఒక్కగానొక్క కుమారుడు సమాధికి రాలేదు. అప్పట్లో అతని కాగితాలు ప్రభుత్వ ఆఫీసులో ఉన్నాయి. దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో తెలియదు. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసి కూడా, ఆ దుఃఖంలో మేము అతనికి ఒక ఉత్తరం వ్రాశాము. తండ్రి కంటే డాలరే నీకు ఎక్కువైందని వ్రాశాము. దానికి జవాబు రాలేదు. నాలుగేళ్ళపాటు పండుగలకు ఫోను చేసుకొని, "బాగున్నారా? బాగున్నాము" అనుకొని పెట్టేసేవాళ్ళం.

కూడికలు అయిపోయాక ఒక రాత్రి అతడే అడిగాడు. "బావగారూ, నాకు వారం సెలవుంది. ఇక్కడ ఒక కొండబాట ఉంది. ఐదు రోజులు నాతో నడుస్తారా?" ఇంట్లో ఎదురెదురుగా కూర్చొని టీవీ చూడడం కంటే నడకే నయమనిపించి, సరే అన్నాము.

ఆ బాట పేరు అప్పలేచియన్ ట్రెయిల్. దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, 14 రాష్ట్రాలు దాటి, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ మీద ముగుస్తుంది. పొడవు సుమారు 2,190 మైళ్ళు, అంటే 3,500 కిలోమీటర్లు. మన దేశంలో కన్యాకుమారి నుండి కాశ్మీరు దాకా రోడ్డు మీద వెళ్ళినంత దూరం ఇంచుమించు. బెంటన్ మెకాయ్ అనే ఆయన 1921లో ఈ ఆలోచన చెప్పాడు. 1937 నాటికి బాట పూర్తయింది. ఇది కాలినడకవారి కోసమే వేసిన బాట. ఈ కొస నుండి ఆ కొస వరకు ఒకే సంవత్సరంలో నడిచేవారిని 'త్రూ హైకర్లు' అంటారు. వారికి ఐదు నుండి ఏడు నెలలు పడుతుంది. బయలుదేరిన నలుగురిలో సుమారుగా ఒక్కరే చివరికంటా చేరుతారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో జార్జియాలో బయలుదేరినవారు జూన్ చివరికి న్యూజెర్సీ సరిహద్దుకు వస్తారు. అప్పటికే సుమారు 1,300 మైళ్ళు నడిచి ఉంటారు. అలాంటి వారి నడుమ మేము నడిచింది 43 మైళ్ళే.

డెలావేర్ వాటర్ గ్యాప్ అనే చిన్న ఊరిలో మొదటి రాత్రి గడిపాము. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘం 1976 నుండి బాటసారులకు ఆశ్రయమిస్తూ వచ్చింది. గుడి కింది భాగంలో పడుకోను చెక్క మంచాలు, స్నానానికి నీళ్ళు. రుసుము లేదు. పెట్టెలో ఎవరి శక్తికొలది వారు వేస్తారు. నీవు ఏ సంఘానివి, అసలు విశ్వాసివేనా అని ఎవరూ అడగలేదు. నెలల తరబడి నడిచినవారి చెమట వాసనతో ఆ గది నిండిపోయి ఉంది. మన మందిరంలో ఇలాంటివారు పదిమంది వచ్చి పడుకుంటామంటే మన పెద్దలు ఏమంటారోనని మేము మనసులో అనుకున్నాము. మేము మాత్రం ఏమంటామో కూడా అనుకోవలసి వచ్చింది.

ఆ రాత్రే మా సంచుల బండారం బయటపడింది. అరవై దాటిన ఒక విశ్రాంత నర్సు మార్చిలో జార్జియాలో బయలుదేరి అంతదూరం ఒంటరిగా వచ్చింది. మోకాలి నొప్పివల్ల ఆ వారం నెమ్మదిగా నడుస్తోంది. ఆమె మా సంచి ఎత్తి చూసి, "లోపల పియానో పెట్టారా?" అని అడిగింది. తూచితే 41 పౌన్లుంది. పద్దెనిమిది కిలోల పైమాట! ఆమె అన్నీ బయటికి తీయించింది. మూడు ప్యాంట్లు, రెండు టార్చిలైట్లు, ఇనుప మూకుడు, తోలు బూట్లు, రెండు కిలోల బియ్యం, గాజు సీసాలో ఆవకాయ, ఇంటి దగ్గర చదువుకొనే పెద్ద బైబిలు. ఒక్కొక్కటి చూపి, "ఇది ఎందుకు?" అని అడుగుతుంటే, మేము చెప్పిన జవాబులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. "ఒకవేళ తడిస్తే... ఒకవేళ ఆరిపోతే... ఒకవేళ ఎవరైనా పిలిస్తే..." ఆమె నవ్వి, "ఈ బాట మీద మేము ఒక మాట అంటుంటాం పాస్టరుగారూ. మనిషి తన భయాలనే మూటగట్టుకుంటాడు" అంది.

సగం సామాను అక్కడే వదిలాము. ఒకరికి అక్కరలేనిది ఇంకొకరు తీసుకొనేందుకు అలాంటి చోట్ల ఒక పెట్టె ఉంటుంది. బూట్లూ మూకుడూ అందులో చేరాయి. పెద్ద బైబిలు పోస్టులో ఇంటికి పోయి, చిన్న కొత్త నిబంధన జేబులోకి వచ్చింది. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. తర్వాత ఆమె మా బావమరిది సంచి విప్పింది. అతడు నేర్పరి, అన్నీ తేలిక వస్తువులే. అడుగున మాత్రం గుడ్డలో చుట్టిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. "ఇది?" అందామె. అతడేమీ చెప్పక, దాన్ని తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. ఆమె అతని ముఖం చూసి, "సరే, అది ఉంచుకో" అని ఊరుకుంది.

మరునాడు డెలావేరు నదిని నడిచే దాటాము. అది పెద్ద రహదారి వంతెన. పక్కన కాలిబాట, రెండడుగుల దూరంలో లారీల హోరు. అవతల న్యూజెర్సీ. అడవిలోకి ఎక్కగానే హోరు అణగిపోయి, వాగు చప్పుడొకటే మిగిలింది. దారి తప్పకుండా చెట్లమీద, రాళ్ళమీద తెల్లరంగు గుర్తులుంటాయి. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. ఒక గుర్తు దాటితే ఇంకొకటి కనబడుతుంది. ఒకదానిపై ఒకటి రెండు గుర్తులుంటే అక్కడ మలుపుందని అర్థం.

ఆ బాటసారుల దినచర్య మన పల్లె రైతు దినచర్య లాంటిదే. వెలుగు రాకముందే లేస్తారు. ఓట్సు పిండో, రొట్టెలో వేరుశెనగ ముద్దో తిని, పదిహేను ఇరవై మైళ్ళు నడుస్తారు. ఊట కనబడితే నీళ్ళు వడగట్టి సీసాల్లో నింపుకుంటారు. సాయంత్రం చిన్న స్టవ్వు మీద నూడుల్సు ఉడికించుకొని, బట్టల్లో పేలవంటి పురుగులు పట్టాయేమోనని ఒళ్ళంతా వెదకుకుంటారు. ఆ పురుగు కుడితే కీళ్ళను పట్టిపీడించే జ్వరం వస్తుంది. రాత్రి తొమ్మిది గంటలనే వాళ్ళు 'అర్ధరాత్రి' అంటారు. అప్పటికి అందరూ నిద్రే. ఎలుగుబంట్లు ఎక్కువ గనుక భోజన పదార్థాలన్నీ ఇనుప పెట్టెలో దాచాలి. ఒక ఉదయం తల్లి ఎలుగు, దాని వెంట పిల్ల మా ముందే బాట దాటాయి. మేము ఊపిరి బిగబట్టి నిలబడ్డాము. అవి మావైపు చూడనైనా చూడలేదు.

అక్కడ ఎవరికీ అసలు పేరు ఉండదు. తోటివారు పెట్టిన పేరే పేరు. మొదటి సాయంత్రం మేము అన్నం వండి, ఆవకాయ వేసి అందరికీ తలా ముద్ద పెట్టాము. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ చెయ్యి చాపారు. ఆ పూట నుండి మా పేరు 'పికిల్'. రెవరెండు, అయ్యగారు అన్న పిలుపులు కొండ కిందే ఉండిపోయాయి. మొదట కొంచెం చిన్నతనమనిపించింది. రెండో రోజుకు ఎంతో తేలికగా ఉంది.

వాళ్ళు పూర్వపు నడకవారి సంగతులు చెప్పుకొనేవారు. ఎర్ల్ షాఫర్ అనే సైనికుడు రెండవ ప్రపంచ యుద్ధంలో ప్రాణ స్నేహితుణ్ణి పోగొట్టుకొని, ఆ యుద్ధాన్ని మనసులోంచి దింపుకోవడానికి 1948లో ఈ బాటంతా నడిచాడు. ఒకే ప్రయాణంలో పూర్తి చేసిన మొదటివాడుగా ఆయన్నే చెబుతారు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ అవ్వ గుడ్డబూట్లు వేసుకొని, తాను కుట్టుకున్న సంచి భుజాన వేసుకొని నడిచేసింది. ఆమె 11 మంది బిడ్డల తల్లి. భర్త చేతిలో ఏళ్ళతరబడి దెబ్బలు తిన్న స్త్రీ. బిల్ ఇర్విన్ అనే విశ్వాసి రెండు కళ్ళూ లేనివాడు. 1990లో తన కుక్క వెంట, పడుతూ లేస్తూ, ఎనిమిది నెలలకు పైగా నడిచి ముగించాడు. ఆయన వేలసార్లు పడ్డాడట. పడనివాడు కాదు, ప్రతిసారీ లేచినవాడే చివరికి చేరాడు.

రెండో రోజు సన్‌ఫిష్ చెరువు దాటాక మా మడమలు రెండూ బొబ్బలెక్కాయి. ఆ శిఖరాల మీద దారంతా పదునైన రాళ్ళే. సాయంత్రానికి కాలు మోపలేకపోయాము. నర్సమ్మ వచ్చి, బురద పట్టిన మేజోడు తానే లాగి, పాదం ఒడిలో పెట్టుకొని, కడిగి, సూదితో బొబ్బ చిదిపి, పట్టీ వేసింది. వద్దు వద్దని మేము కాలు వెనక్కు లాగుకున్నాము. యోహాను 13లో పేతురు ఎందుకు అడ్డుపడ్డాడో మేము ఇరవై ఏళ్ళుగా ప్రసంగించాము. మా పాదం ఒకరి చేతిలో ఉన్నప్పుడుగాని అది తెలియలేదు. ఇవ్వడం మాకు అలవాటే. పుచ్చుకోవడమే చేతకాదు.

మూడో రాత్రి జోరున వాన. బ్రింక్ రోడ్ షెల్టరు అనే మూడు గోడల చెక్కపాకలో ఆరుగురం తలదాచుకున్నాము. అందరూ నిద్రపోయాక బావమరిది ఆ గుడ్డమూట విప్పాడు. అది మామగారి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. అట్టకు ఆయనే కుట్టిన ఖాకీగుడ్డ. ఇతడు అమెరికాకు బయలుదేరిన రోజున విమానాశ్రయంలో ఆయన చేతికిచ్చారట.

"బావగారూ, ఆ రోజు మా పెదనాన్న కొడుకు సమాధి దగ్గర ఫోను పట్టుకున్నాడు. నేను ఆఫీసు వెనక కారులో కూర్చొని విన్నాను. ఇక్కడ అర్ధరాత్రి. అందరూ పాట ఎత్తుకున్నారు. నేనూ ఈ పుస్తకం తెరిచి పాడుతున్నాను. రెండో చరణంలో లైను తెగిపోయింది. మిగతాది నేనొక్కణ్ణే పాడుకున్నాను. పది రోజులకు మీ ఉత్తరం వచ్చింది."

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మేము ఎన్నో ఇళ్ళల్లో సమాధాన వాక్యం చెప్పినవాళ్ళం. అప్పుడు మాత్రం నోట మాట రాలేదు. చివరకు, "నేను తప్పు వ్రాశాను బాబూ. నీ సంగతి తెలిసే వ్రాశాను. నన్ను క్షమించు" అన్నాము. అతడు చాలాసేపు ఊరుకొని, "మీరు వ్రాసింది నిజమేనేమోనని నాలుగేళ్ళు మోశాను బావగారూ" అన్నాడు. తర్వాత ఇద్దరం గొంతు తగ్గించి ఆ పాట మొదటి నుండి చివరి చరణం దాకా పాడాము. మూలనుండి నర్సమ్మ గొంతు వినబడింది. "ఆపకండి. ఇంకొకటి పాడండి."

నాలుగో రోజు కల్వర్స్ గ్యాప్ దగ్గర రోడ్డు దాటుతుంటే, ఒక ముసలాయన కారు డిక్కీ తెరిచి, చల్లని నిమ్మరసం, పుచ్చకాయ ముక్కలు పెట్టుకొని కూర్చున్నాడు. దారినపోయే ప్రతివాడికీ ఇస్తున్నాడు. డబ్బు పుచ్చుకోడు. ఇలాంటివారిని అక్కడ 'ట్రెయిల్ ఏంజెల్స్' అంటారు. బాట దేవదూతలన్నమాట. మమ్రే దగ్గర ఎండవేళ గుడారపు వాకిట కూర్చున్న అబ్రాహాము జ్ఞాపకం వచ్చాడు. కాస్త ముందుకు పోతే ఇంకొకాయన రంగుడబ్బాతో మాసిన తెల్లగుర్తులకు మళ్ళీ రంగు వేస్తున్నాడు. జీతం లేదు. ఈ బాట పొడవునా పని ఇలా స్వచ్ఛందంగా చేసేవారి మీదే చాలావరకు ఆధారపడి ఉంది. "మీరు ఈ బాటంతా నడిచారా?" అని అడిగితే, "లేదు. నడిచేవాళ్ళు తప్పిపోకుండా చూడడమే నా పని" అన్నాడు.

ఐదో రోజు సాయంత్రం హై పాయింట్ చేరాము. 1,803 అడుగులతో న్యూజెర్సీలో అదే ఎత్తయిన చోటు. మా నడక అక్కడ ముగిసింది. నర్సమ్మకు ఇంకా ఎనిమిది వందల మైళ్ళకు పైగా ఉంది. మిగిలిన ఆవకాయ ఆమెకే ఇచ్చాము. చెయ్యి ఊపి, వెనక్కి చూడకుండా చెట్లలోకి వెళ్ళిపోయింది. సెప్టెంబరు నెలలో బావమరిది ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. కటాడిన్ శిఖరం మీద చెక్కపలక పట్టుకొని నవ్వుతూ ఆమె.

2022లో కాగితాలు వచ్చాక మా బావమరిది ఊరికి వచ్చాడు. బస్సు దిగిన చోట ఆటోలున్నాయి. అయినా అతడు, అతని అక్క, మేము సమాధుల తోట దాకా మూడు కిలోమీటర్లు నడిచే వెళ్ళాము. కీర్తనల పుస్తకం అతని చేతిలోనే ఉంది.

ప్రియ పాఠకులారా, అందరం ఆ దేశం వెళ్ళనక్కరలేదు, కొండలెక్కనక్కరలేదు. ఈ వారం మీ ఇంట దీపం పెట్టాక ఒకసారి మీ సంచి విప్పి చూసుకోండి. ఎవరికైనా వ్రాయకూడని ఉత్తరం వ్రాసి ఉంటే, దాన్ని వారు ఇంకా మోస్తూ ఉండవచ్చు. ఆ బరువు దించగలవారు మీరే. ఆలస్యం చేయకండి.