కొండకు మోయదగిన పెనము

విశాఖపట్టణమునుండి చోడవరము, మాడుగుల మీదుగా పోవు బాట మైదానమును విడిచి ఘాటు ఎక్కనారంభించిన కొలదిసేపటికే గాలి మారును. మాడుగుల హల్వా పొట్లము ఇంకను చేతనుండగానే చెవులకు శాలువ చుట్టుకొనవలసివచ్చును. పాడేరు సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల యెత్తున నున్నది. 2022వ సంవత్సరమున అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినప్పుడు ఇదియే దాని ముఖ్యపట్టణమైనది. ఇచ్చటి మోదకొండమ్మవారి కోవెల, వారపుసంతలు, కాఫీతోటలు, ఆ తోటలలో నీడచెట్లను బట్టి ప్రాకిన మిరియపుతీగెలు చూచుటకు ఒకదినము చాలదు. చలికాలపు మొదట వలిసెచేలు పూచి పసుపు ఆరబోసినట్లుండును.

పాడేరునకు దగ్గరలో వంజంగి కొండ కలదు. చలిదినములలో తెల్లవారుజామున దానిపై కెక్కినవారికి క్రింది లోయలు మేఘములతో నిండి, శిఖరములు మాత్రము ద్వీపములవలె తేలుచు కనబడును. ఈ దృశ్యమునకై అనేకులు ముందునాటి రాత్రియే వచ్చి గుడారములలో బసచేయుదురు. ఎండ యెక్కినకొలది మేఘములు విడిపోవును. సూర్యుడు ఎవరికొరకును ఆగడు. మగవారును పిల్లలును పైనుండి మేఘములను చూచుచుండగా, ఇల్లాలు క్రింద కూర్చుండి పెనమున కంటుకొన్న అట్టును గీకుచుండెనేని ఆమెకు దక్కినది యాత్ర కాదు, వంటయిల్లు మారుట మాత్రమే. కావున పెనమును గూర్చి యింత వ్రాయనేల యని సోదరీమణులు తలపకుందురు గాక.

పూర్వపు యాత్రలలో పాత్రల బరువు ఎవరికిని పట్టినది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. ఆయన వెంట డేరాలు, బోయీలు, పెద్దపరివారము నుండినందున ఇత్తడిగుండిగలు సైతము సాగిపోయినవి. నేడు కొండయెక్కు కుటుంబమునకు బోయీలు లేరు. ఎవరి సంచి వారి వీపుననే యుండవలెను. అందును గిన్నెల సంచి తరచుగా ఆడువారి వంతునకే వచ్చును.

ఏజెన్సీప్రాంతమువారు ఈ చిక్కును తమదైన తీరున తీర్చుకొనిరి. పచ్చివెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసమును కూరి, మూతికి ఆకులు బిగించి, నిప్పులపై త్రిప్పుచు కాల్తురు. నూనె అక్కరలేదు, వెదురులోని తడితోనే మాంసముడుకును. తినుటకు అడ్డాకుల విస్తరి. మోయవలసిన పాత్రయు లేదు, తోమవలసిన పాత్రయు లేదు. అయితే ఆ బొంగులో అట్టు వేయలేముగదా! పిల్లలకు తెల్లవారి వేడివేడిగా ఏదైన పెట్టవలెనన్న పెనము తప్పదు.

మా ప్రయాణపు సన్నాహమున మా వదినగారు ఇంటి ఇనుపపెనమునే తీసికొనిపోవుదమని పట్టుబట్టిరి. “ఇరువదేండ్లనాటి పెనమమ్మా! నా మాట వినును,” అని ఆమె వాదము. “మీ మాట వినును గాని వదినగారూ, కొండ వినదుగదా!” అంటిని. ఆమె నవ్వి, తక్కెడ తెప్పించిరి. ఇనుపపెనము 1,600 గ్రాములు తూగినది. మడతపిడిగల అల్యూమినియపు పెనము 380 గ్రాములు మాత్రమే. ఆ తరువాత రెంటిమీదను అట్లు వేసి చూచి, ఆమెయే తీర్పుచెప్పిరి: “ఇంటికి ఇది, కొండకు అది.” ప్రయాణమునకు ముందు ఇట్లు ఇంటిలో నొకమారు వండిచూచుట అందరికిని మేలు.

ఈ తేడాకు కారణము లోహము స్వభావమే. ఒక్క కొలతగల రెండు పలకలలో ఇనుపది అల్యూమినియపుదానికి ఇంచుమించు మూడురెట్లు బరువుండును. అల్యూమినియమునకు ఇంకొక సుగుణము కలదు: మంట తగిలినచోటినుండి వేడిని అంచులవరకు త్వరగా ప్రాకించును. టైటానియమను లోహముతో చేసిన పాత్రలు మిక్కిలి పలుచన, మిక్కిలి గట్టి, వెలయు హెచ్చే. కాని అవి వేడిని ప్రక్కలకు సరిగా పంచవు. నడుమ మాడి అంచున పచ్చిగా నుండు అట్టును ఎవరు తిందురు? నీరు కాచుకొనుటకు టైటానియము తగును గాని అట్టునకు తగదు. పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు పెనమునకును ఇదే దోషము.

పైపూత లేని అల్యూమినియమున చింతపండు, నిమ్మరసము, టొమాటో వంటి పులుపువస్తువులు వండరాదు. పులుపు లోహమును కొంత కరగించును. విద్యుత్తుచే పైభాగమును గట్టిపరచిన బూడిదరంగు అల్యూమినియమున ఈ బాధ చాలవరకు తగ్గును. కొనునపుడు అట్టిదానినే యడుగుట మంచిది. ఇద్దరికి 20 సెంటీమీటర్ల వెడల్పు, నలుగురికి 25 సెంటీమీటర్ల వెడల్పు చాలును. మరీ కాగితమువలె నున్నదానిని కొనరాదు. అది వేడికి వంగి, నడుమ ఉబ్బి, నూనెనంతయు అంచులకు త్రోయును.

అంటుకొనని నల్లపూతను గూర్చి యొకమాట. ఆ పదార్థమును 1938లో అమెరికాలోని డ్యూపాంటు పరిశోధనశాలలో రాయ్ ప్లంకెట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు అనుకొనకుండ కనుగొనెను. ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ అను ఇంజనీరు దానిని చేపలుపట్టు సామగ్రికి పూయుచుండగా, ఆయన భార్య కొలెత్ “దానిని నా వంటపాత్రలకు పూయరాదా?” యని సూచించెననియు, 1954 ప్రాంతమున నట్టి పెనము పుట్టెననియు ప్రసిద్ధి. ఈ పూత వలన నూనెయు, కడుగునీరును కలిసివచ్చును. కాని దానికొక హద్దు కలదు. ఖాళీపెనమును పెద్దమంటపై మరచిపోగా వేడి 260 డిగ్రీలు దాటినచో పూత చెడనారంభించును. ఇంకను మించినచో హానికరమైన ఆవిరులు వెలువడును. కట్టెలపొయ్యి వేడి మన చేతిలో నుండదు గనుక ఈ పెనము దానికి తగదు. ఇనుపగరిటెయు దీనికి శత్రువే; చెక్క అట్లకాడ వాడవలెను.

పిడి విషయమున మోసపోవుట సులభము. మడతపిడి విప్పినపిమ్మట గట్టిగా బిగిసికొనవలెను. పట్టు సడలి మడతపడినచో కాగిన నూనె ఒడిలో పడును, చుట్టును పిల్లలుందురు. ప్లాస్టికుపిడి మంటకు కరగును. పిడియే లేని పెనమును పట్టకారుతో దించుట మన ఆడువారికి వెన్నతో పెట్టిన విద్య. ఆ పట్టకారే గిన్నెకును పనికివచ్చును.

ఇక వాడుక. పలుచని పెనము త్వరగా కాగును, త్వరగా మాడ్చును. కావున మంట సన్నగా నుండవలెను. పెనమును అప్పుడప్పుడు పావువంతు త్రిప్పుచుండిన అంచులన్నియు సమముగా కాలును. నీటిచుక్క చిలికినపుడు చిటపటలాడి యెగిరిన పెనము సిద్ధమైనట్లు. సగము కోసిన ఉల్లిపాయకు నూనె ముంచి రుద్దుట ఇంటిలోవలెనే కొండమీదను పనిచేయును. రుబ్బినపిండి దారిలో పులిసి పొంగును గనుక, బియ్యపుపిండి, పెసరపిండి, జీలకఱ్ఱ, ఉప్పు పొడిగా కలిపి సంచిలో పోసికొని, అక్కడ నీరు కలుపుకొనవచ్చును. పాడేరు సంతలో దొరకు చోడిపిండితో ఉల్లి, పచ్చిమిరప చేర్చి రొట్టెతట్టిన చలిలో ఎంతయో హితవుగా నుండును.

ఎత్తైన ప్రదేశములలో పెనపువంటకు ఒక ప్రత్యేకమైన మేలు కలదు. ప్రతి 300 మీటర్ల యెత్తునకు నీరు మరుగు వేడి ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గును. పాడేరులో నీరు 97 డిగ్రీలకే మరుగును. హిమాలయములలో 3,500 మీటర్ల యెత్తున 88 డిగ్రీలకే మరుగును. ఎంత మంటపెట్టినను మూతలేని గిన్నెలో వేడి అంతకు మించదు గనుక పప్పు, బియ్యము ఉడుకుట ఆలస్యమగును. నూనెకును కాలిన పెనమునకును ఈ కట్టడి లేదు. బదరీనాథమునకు పోవువారైనను ఈ సంగతి గుర్తుంచుకొనినచో వంటచెఱకు కలిసివచ్చును.

చలికి గ్యాసుడబ్బాయు ముడుచుకొనును. లంబసింగివంటి చోట్ల కొన్ని తెల్లవారుజాములలో చలి గడ్డకట్టు హద్దునకు వచ్చును. బ్యూటేను సున్న డిగ్రీల దగ్గర ఆవిరి కాలేదు, మంట నీరసించును. ప్రొపేను కలిసిన డబ్బా కొనుట, రాత్రి దానిని కంబళిలో చుట్టియుంచుట దీనికి ఉపాయములు. గాలికి రాళ్లడ్డము పెట్టవచ్చును గాని, బర్నరుక్రిందనే డబ్బాయుండు పొయ్యిని అన్నివైపుల మూసివేయరాదు. డబ్బా వేడెక్కి ప్రేలవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక యిది. ఎంత చలియైనను, ఎంత వానయైనను గుడారములోపల పొయ్యి వెలిగింపరాదు. నిప్పులకుంపటిని లోన బెట్టుకొని నిద్రింపరాదు. ఆ నిప్పునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించినవారు నిద్రించినట్లే ప్రాణములు విడుతురు. పిల్లలు చలియని యేడ్చినను ఇంకొక కంబళి కప్పవలెనే గాని కుంపటిని లోనికి తేరాదు.

అడవిలో పచ్చికొమ్మ విరువరాదు. నిప్పు రాజేసినచో విడుచునప్పుడు నీరుపోసి, బూడిద చేతికి చల్లగా తగులువరకు ఆర్పవలెను. పెనమును గెడ్డలో ముంచి తోమరాదు. ఆ నీరే దిగువనున్న పల్లెల స్త్రీలు బిందెలతో మోసికొనిపోయి త్రాగుదురు. వెచ్చని నీరు కొంచెము పోసి, ఆకుతోనో కాగితముతోనో తుడిచి, ఆ మురికిని గెడ్డకు దూరముగా గోతిలో పూడ్చిన చాలును.

పెనము తేలికయైనంతమాత్రమున పని తేలిక కాదు. పిండిసంచి ఒకరు, పొయ్యి ఒకరు, నీరొకరు మోయవలెను. తెల్లవారుజామున కొండయెక్కి దిగివచ్చినపిమ్మటనే పొయ్యి వెలిగించుట మేలు. అంతవరకు అటుకులు, బెల్లము చాలును. మేము వంజంగిలో అట్లే చేసితిమి. మేఘములు తొలగువరకు మా వదినగారు శిఖరముననే నిలిచి చూచిరి. క్రిందికి వచ్చినపిమ్మట అట్లు వేసినవాడు మా అన్నగారు. మొదటిది చిరిగినది, రెండవది గుండ్రముగా వచ్చినది.