చిట్టెలుకకి ధైర్యం వస్తే...

నాలుగేళ్ల కిందట నాకు ఉన్నట్టుండి గుండెదడ మొదలైంది. ఈసీజీ చూసిన డాక్టరుగారు ‘గుండెకేం ఢోకా లేదు, ఇది ఆందోళన’ అని ఓ చిన్న మాత్ర రాశారు. వేసుకున్న కాసేపటికి దడ తగ్గింది. కానీ ఓ సందేహం మిగిలింది. భయం ఉండేది మనసులో కదా... దాన్ని ఈ మాత్ర తగ్గిస్తుందని ముందుగా ఎలా తెలుస్తుంది? ఆ సందేహమే నన్ను చిట్టెలుకల దాకా తీసుకెళ్లింది.

‘భయంగా ఉందా?’ అని ఎలుకని అడగలేం. అందుకే దాని నడక చూస్తారు. నేలకి దాదాపు అర మీటరు ఎత్తున, ప్లస్ గుర్తు ఆకారంలో ఓ వేదిక ఉంటుంది. నాలుగు దారుల్లో ఎదురెదురుగా ఉన్న రెండింటికి గోడలుంటాయి, మిగతా రెండింటికి ఉండవు. చిట్టెలుకని మధ్యలో వదిలి ఐదు నిమిషాలు గమనిస్తారు. ఎత్తన్నా బయలన్నా దానికి భయం. కొత్తచోటు చూడాలన్న కుతూహలమూ ఉంటుంది. మామూలుగా గోడల చాటునే ఎక్కువసేపు గడుపుతుంది. మందిచ్చాక గోడల్లేని దారుల్లో ఎక్కువసేపు తిరిగితే, భయం తగ్గినట్టు లెక్క. మందు వల్ల ఊరికే హుషారెక్కి తిరుగుతోందేమోనని గోడల దారుల్లోకి ఎన్నిసార్లు వెళ్లిందో కూడా లెక్కిస్తారు.

తమాషా ఏమిటంటే, లిబ్రియం 1960లో, వేలియం 1963లో మార్కెట్లోకి వచ్చాయి. ఈ పరీక్ష పనికొస్తుందని ఎలుకల మీద 1985లో, చిట్టెలుకల మీద 1987లో తేల్చారు. అంటే మందులే పరీక్షకి కొలబద్దలయ్యాయన్నమాట! అందుకే వేలియం కుటుంబం మందులు ఇందులో సులువుగా పాసవుతాయి. మనుషుల ఆందోళనకి పనిచేసే బుస్పిరోన్ మాత్రం ఓసారి పాసవుతుంది, ఓసారి తప్పుతుంది. ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా రాసే ఎస్సెస్సారై మందులు మనలో పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఒక్క డోసిచ్చి ఐదు నిమిషాలు చూస్తే వాటి గుణం తెలిసేదెలా?

పైగా ఎలుకది కళ్లెదుటి ఎత్తు గురించిన భయం. మనది రేపటి గురించి, పిల్లల ఫీజుల గురించి, రాని ఫోను గురించి. నా మాత్రని కూడా డాక్టరుగారు కొద్దిరోజులకే పరిమితం చేశారు. ఎక్కువకాలం వాడితే అలవాటు పడే ప్రమాదం ఉందట, ఒక్కసారిగా మానేసినా ఇబ్బందేనట. ఆ సంగతులు ఐదు నిమిషాల పరీక్షలో బయటపడేవి కావు.

కాబట్టి ఈసారి డాక్టరు ‘ఎలా ఉంది?’ అనడిగితే ‘పర్లేదండీ’ అని సరిపెట్టకండి. నిద్ర, మగత, మిగిలిన భయం... అన్నీ చెప్పండి. పాపం చిట్టెలుకకి ఆ అవకాశం లేదు!