సెవెన్ సిస్టర్స్ దగ్గర ఫోకస్ తప్పింది!

ఫారిన్ లొకేషన్ అనగానే మీకేం గుర్తొస్తుందో గాని, నాకు మాత్రం ఒక పోస్టు కార్డు గుర్తొస్తుంది.

1992లో ఒక నిర్మాతగారు యూనిట్ అందర్నీ కూర్చోబెట్టి ఆ కార్డు చూపించారు. నీలం సముద్రం, దాని ఒడ్డున కత్తితో కోసినట్టు నిటారుగా ఏడు తెల్లటి కొండలు. "రెండు పాటలు ఇక్కడే తీస్తున్నాం. పాస్‌పోర్టులు రెడీ చేసుకోండి" అన్నారు. అప్పుడు నేను ఫోకస్ పుల్లర్ని. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. హీరోయిన్ పరుగెత్తుకొస్తుంటే ఆమె కెమెరాకి ఎన్నడుగుల దూరంలో ఉందో కంటితో కొలుస్తూ లెన్సు రింగు తిప్పేవాడే ఫోకస్ పుల్లర్. ఆమె అందంగా కనిపిస్తే పేరు కెమెరామన్‌ది. మసకగా కనిపిస్తే తిట్లు మావి.

పాస్‌పోర్టు తీశాను. స్వెట్టరు కూడా కొన్నాను. తీరా బయల్దేరడానికి రెండ్రోజుల ముందు చూస్తే లిస్టులో నా పేరు లేదు! నా సీట్లో ఎవరి బావమరిదో వెళ్ళాడు. నాకు కార్డు మిగిలింది. పోనీ ఆ పాటలైనా అక్కడ తీశారా అంటే అదీ లేదు. వానకి భయపడి ఇంకో దేశం పోయారు.

ముప్ఫయ్యొక్క ఏళ్ళ తరవాత, 2023 జూన్‌లో, ఆ కార్డు జేబులో పెట్టుకుని మా ఆవిడతో సహా ఇంగ్లండులో దిగాను. మా అమ్మాయి ఉండేది బ్రైటన్‌లో. లండన్ విక్టోరియా స్టేషన్లో రైలెక్కితే గంట ప్రయాణం. ఆ కొండలు కూడా ఆ జిల్లాలోనివే. జిల్లా పేరు ఈస్ట్ ససెక్స్. ఇంగ్లండుకి దక్షిణపు అంచున, సముద్రం పొడుగునా ఉంటుంది.

బ్రైటన్ గురించి ముందు చెప్పాలి. సినిమా వాడికి అది పుణ్యక్షేత్రం. సముద్రంలోకి అయిదొందల మీటర్లకి పైగా సాగిన ప్యాలెస్ పియర్ 1899 నాటిది. రంగులరాట్నాలూ, ఐస్‌క్రీములూ, వేపిన చేపల వాసనా, మొత్తం మన తిరునాళ్ళే. 'గాంధీ' తీసిన రిచర్డ్ ఆటెన్‌బరో కుర్రతనంలో ఈ పియర్ మీదే 'బ్రైటన్ రాక్'లో విలనీ వెలగబెట్టాడు. తరవాత డైరెక్టరుగా తొలి సినిమా 'ఓ! వాట్ ఎ లవ్లీ వార్' కోసం పక్కనున్న వెస్ట్ పియర్‌కి వచ్చాడు. ఆ సినిమా 1969లో వచ్చింది. ఆ వెస్ట్ పియర్ 1975లో మూతపడి, 2003లో తగలబడి, ఇప్పుడు నీళ్ళ మధ్య ఇనప అస్థిపంజరంలా నుంచుంది. సాయంత్రం దాని మీద పక్షులు గుంపులుగా తిరుగుతుంటే ఎంతసేపైనా చూడొచ్చు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బాగున్న పియర్ కన్నా కాలిపోయిందే నాకు నచ్చింది.

ఊరి నడిబొడ్డున రాయల్ పెవిలియన్. నాలుగో జార్జి, రాజు కాకముందు నుంచే, సరదా కోసం కట్టించుకున్న మహలు. ఈ గుమ్మటాలు కట్టిన జాన్ నాష్ జన్మలో మన దేశం రాలేదు. బొమ్మలు చూసి కట్టేశాడు. బయట మొఘల్, లోపల చైనా డ్రాగన్లు! మన ఆర్ట్ డైరెక్టరెవరైనా ఇలాంటి సెట్ వేస్తే "ఏ ఊరి కథండీ ఇది?" అని మనమే నవ్వేవాళ్ళం. అయితే 1914 డిసెంబరు నుంచి ఏడాది పైగా ఇదే మన సిపాయిలకి ఆస్పత్రి. ఫ్రాన్సు యుద్ధంలో గాయపడ్డవాళ్ళని తెచ్చి ఆ షాండ్లియర్ల కింద మంచాలు వేశారు. మతాలకీ కులాలకీ ఇబ్బంది లేకుండా తొమ్మిది వంటశాలలు పెట్టారు. రాజుగారు తన సొంత మహలు ఇచ్చేశారని అప్పట్లో ప్రచారం చేశారు. నిజానికి బ్రైటన్ ఊరు దాన్ని 1850లోనే కొనేసుకుంది. పబ్లిసిటీ మన ఫీల్డుకే సొంతం కాదన్నమాట.

అక్కడ కన్నుమూసిన హిందూ, సిక్కు సిపాయిల్లో 53 మందికి ఊరి బయట కొండ మీద దహనసంస్కారాలు చేశారు. ఆ చోటే 'ఛత్రి' అని తెల్ల చలవరాతి మండపం కట్టారు. 1921 ఫిబ్రవరి 1న ఆవిష్కరించారు. కారు అక్కడిదాకా పోదు. గొర్రెలు మేసే పచ్చిక మీద నడవాలి. ఏటా జూన్‌లో అక్కడ స్మారక సభ జరుగుతుంది. మేం వెళ్ళింది అది జరిగిన వారానికి. దండలు ఇంకా ఉన్నాయి. 2010లో చెక్కిన ఆ 53 పేర్లూ మా ఆవిడ ఒక్కోటి పైకి చదివింది. నేను వింటూ నుంచున్నాను. చదవమంటే నాకు సగం అక్షరాలు ఆనలేదు. ఎండ అన్నాను. ఎండ కాదు. ఆ సంగతి మా ఆవిడకీ తెలుసు.

మర్నాడే నా కార్డు లొకేషన్.

సెవెన్ సిస్టర్స్ అంటే ఏడుగురు అక్కచెల్లెళ్ళు. "మనకి ఏడుకొండలవాడు, వీళ్ళకి ఏడుకొండల ఆడపడుచులు" అంది మా ఆవిడ. బ్రైటన్ నుంచి 12వ నెంబరు బస్సు ఎక్కినా అటు పోవచ్చు. మేం కారులో వెళ్ళాం. పోయేవాళ్ళకి ఒక చిన్న సలహా. కొండల మీద నుంచుంటే కొండలు కనపడవు. కార్డులో ఉన్న యాంగిల్ కావాలంటే పడమర నుంచి, సీఫోర్డ్ హెడ్ వైపు నుంచి చూడాలి. కింద చిన్న చిన్న కాపలావాళ్ళ ఇళ్ళు, కక్‌మియర్ నది సముద్రంలో కలిసే చోటు, ఆవల వరసగా కొండలు. 'అటోన్‌మెంట్' చూసినవాళ్ళు ఆ ఇళ్ళని గుర్తుపడతారు. డోవర్ కొండలుగా చూపించడానికి కూడా తరచు వీటినే తీస్తారు. డోవర్‌కి డూప్ అన్నమాట! 'రాబిన్‌హుడ్: ప్రిన్స్ ఆఫ్ థీవ్స్'లో కెవిన్ కాస్ట్‌నర్ ఇంగ్లండు గడ్డ మీద కాలు పెట్టింది ఇక్కడే.

ఈ కొండలు ఉత్త సుద్ద. మనం బడిలో పలక మీద రాసుకున్న సుద్ద. కింద అల కొడుతుంటుంది, పైన చెప్పకుండా విరిగి పడుతుంది. అలా విరుగుతుంటాయి గనకే అంత తెల్లగా ఉంటాయి. ఇంకాస్త తూర్పున బెల్ టూట్ అనే పాత లైట్‌హౌస్ అంచుకి మరీ దగ్గరైపోతే 1999లో ఆ భవనాన్నంతా పట్టాల మీద 17 మీటర్లు వెనక్కి జరిపారు. అన్నిటికన్నా ఎత్తయిన బీచీ హెడ్ 162 మీటర్లు. అయినా ఎక్కువ చోట్ల కంచె ఉండదు. బోర్డు పెడతారు, మిగతాది మన ఇంగితానికి వదిలేస్తారు.

నేను కార్డు ఒక చేత్తో పట్టుకుని యాంగిల్ కలుపుతున్నాను. ఇంకాస్త కుడికి జరిగితే ఆ ఇళ్ళ కప్పులు సరిగ్గా పడతాయి. జరిగాను. ఇంకొంచెం...

కాలరు పట్టుకుని ఎవరో వెనక్కి లాగారు. కార్డు ఎగిరి గడ్డిలో పడింది. చూస్తే మా అమ్మాయి. మొహంలో నెత్తురు చుక్క లేదు.

అంచు నాకు నాలుగడుగుల దూరంలో ఉందిట. ఆ కొలత మా అల్లుడు చెప్పాడు. జీవితమంతా అడుగులు లెక్కపెట్టి బతికినవాణ్ణి నేను.

"నాన్నా, నీకు అంచు కనపడలేదా?"

"చూసుకోలేదమ్మా."

"చూసుకోకపోవడం వేరు, కనపడకపోవడం వేరు."

మా ఆవిడ గడ్డి మీద చతికిలబడి, "ఇంక చెప్పేయండి. దాచడం నావల్ల కాదు" అంది.

చెప్పాను. 2021లో హైదరాబాదు డాక్టరు పరీక్ష చేసి గ్లాకోమా అన్నారు. మనవాళ్ళు నీటికాసులు అంటారే, అది. కంట్లో ప్రెషర్ పెరిగి వెనక నరం దెబ్బతింటుంది. నొప్పి ఉండదు. ఎదరగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కలు మాత్రం చడీచప్పుడూ లేకుండా తగ్గిపోతూ వస్తాయి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోడానికి రోజూ చుక్కలు వేసుకోవాలి. నా కుడి కన్నులో కుడి పక్కా, కింది భాగమూ చాలా పోయాయి. ఎడమది ఇప్పుడిప్పుడే మొదలైంది. చుక్కలమందు సీసా అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్‌లో, మేం తెచ్చిన ఊరగాయ జాడీ వెనక దాచి రెండు వారాలుగా దొంగచాటుగా వేసుకుంటున్నాను.

ఎందుకు దాచావని అడిగింది. మా ఫీల్డులో 'వాడి కన్ను పోయిందిట' అనే మాట ఒక్కసారి బయటికి వస్తే మళ్ళీ పిలుపు రాదు. కళ్ళజోడు పడ్డప్పుడే ఏడాది పాటు సెట్లో పెట్టుకోలేదు నేను. రిటైరయినా ఆ భయం పోలేదు.

"అది సరే. డాక్టరు ఇంకేమన్నారు?"

ఇదీ అసలు ప్రశ్న. అది వంశంలో వస్తుంది. నలభై దాటిన పిల్లలుంటే వాళ్ళకీ పరీక్ష చేయించమని ఆయన నాకు రెండుసార్లు చెప్పారు. మా అమ్మాయికి నలభై ఒకటి.

ఆ మాట విన్నాక అది ఏడవలేదు, అరవలేదు. "ఆ ఒక్క ముక్క ఫోన్లో చెప్పడానికి నీకు రెండేళ్ళు చాల్లేదా?" అంది. అంతే. దారిపొడుగునా మాట్లాడలేదు.

మర్నాడు హేస్టింగ్స్. ముందే అనుకున్న ట్రిప్పు గనక తీసుకెళ్ళింది. పలకరింపు మాత్రం లేదు. సముద్రపొడ్డున వలలు దాచుకునే పొడుగాటి నల్ల చెక్క గదులు చూశాం. జాన్ లోగీ బెయర్డ్ అనే ఆయన 1923లో ఆరోగ్యం కోసం ఈ ఊరొచ్చి, టోపీ పెట్టె, టీ పెట్టె, సైకిల్ దీపం అద్దాలు పోగేసి టెలివిజన్ తయారు చేయబోయాడు. మరుసటి ఏడు షాక్ కొట్టి చెయ్యి కాలితే ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. మన థియేటర్ల పొట్ట కొట్టిన టి.వి. పుట్టుక అద్దెకొంపలో అన్నమాట! ఇంకో రోజైతే ఈ జోకుకి మా అమ్మాయి నవ్వేది.

మూడోరోజు హోవ్. బ్రైటన్‌ని ఆనుకునే ఉన్న ఊరు. అక్కడ సెయింట్ ఆన్స్ వెల్ గార్డెన్స్ అని ఒక పార్కు ఉంది. ముసలాళ్ళు బెంచీల మీద, పిల్లలు ఉయ్యాలల్లో. మన వీధి పార్కులాగే ఉంటుంది. కాని నూట పాతికేళ్ళ కిందట దాన్ని లీజుకి తీసుకున్న జార్జ్ ఆల్బర్ట్ స్మిత్, మేజిక్ లాంతరు ఆటలాడే మనిషి, సినిమాకి అక్షరాభ్యాసం చేయించాడంటే నమ్మండి. ఎర్ర, పచ్చ ఫిల్టర్లతో 'కినెమాకలర్' కనిపెట్టిందీ ఆయనే. 1911 ఢిల్లీ దర్బారుని ఆ రంగుల్లోనే తీసుకెళ్ళి లండన్లో చూపించారు. మన 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చిందని గుర్తు చేసుకోండి! ఆ ఊళ్ళోనే మందుల షాపు నడిపిన జేమ్స్ విలియమ్సన్ ఇంకో ఘనుడు. 1901లో ఆయన తీసిన 'ది బిగ్ స్వాలో'లో ఒకాయన కెమెరా మీదికి నడిచొచ్చి నోరు తెరిచి కెమెరామన్నే మింగేస్తాడు. మా మనవరాలు అమ్ములు అది ఫోన్లో నాలుగుసార్లు వేయించుకుంది.

తరవాత బెంచీ మీద కూర్చుని స్మిత్ 1900లో తీసిన 'గ్రాండ్‌మాస్ రీడింగ్ గ్లాస్' పెట్టాను. నిమిషంన్నర కూడా ఉండదు. మనవడు మామ్మ భూతద్దం తీసుకుని పేపరూ, గడియారం, పిట్టా చూస్తాడు. ఆ తరవాత మామ్మ కన్నే చూస్తాడు. తెరంతా ఒక కన్ను! గుండ్రటి మాస్కు వేసి చుట్టూ నలుపు వదిలారు. క్లోజప్పుల పుట్టుక గురించి ఒక చిన్న ఉపన్యాసం మొదలెట్టాను.

"తాతయ్యా, నీకు ఇలాగే కనిపిస్తుందా? చుట్టూ బ్లాక్‌గా?" అనడిగింది అమ్ములు. తొమ్మిదేళ్ళ పిల్ల. కారులో అన్నీ వింది.

"కాదమ్మా. నలుపు ఉంటే బావుండును, పోయిందని తెలిసేది. లేనిచోట కూడా ఏదో ఉన్నట్టే ఉంటుంది. గడ్డి ఉన్నట్టే అనిపించింది నాకు మొన్న."

వెనక మా అమ్మాయి కాఫీ కప్పులు పట్టుకుని నుంచుంది. ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు. అది నిలబడింది కుడి పక్కన. ఒక కప్పు నా చేతికిచ్చి, "శుక్రవారం పదకొండింటికి నాకు అపాయింట్‌మెంటు ఇచ్చారు. నువ్వూ రా" అంది. తండ్రికో తల్లికో ఈ జబ్బుంటే నలభై దాటినవాళ్ళకి అక్కడ ఆ పరీక్ష ఉచితమట. రెండేళ్ళు ఆలస్యంగా తెలిసింది పాపం.

వెళ్ళాను. మిషన్ లోంచి కంట్లోకి టప్‌మని గాలి కొడతారు. నాకు అలవాటే గాని అది ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. ఆ తరవాత ఇంకేవో ఫోటోలు తీశారు. ప్రెషర్ హద్దులోనే ఉంది, నరం బాగానే ఉంది, ఏడాదికోసారి వచ్చి చూపించుకొమ్మన్నారు. బయటికొచ్చాక మా ఆవిడ రోడ్డు మీదే దణ్ణం పెట్టుకుంది.

మిగిలిన వారంలో రై వెళ్ళాం. గులకరాళ్ళ వీధులు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు జాగ్రత్త. బర్‌వాష్‌లో కిప్లింగ్ ఇల్లు చూశాం. సీఫోర్డ్ హెడ్‌కి మాత్రం మళ్ళీ వెళ్దామంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. గడ్డిలోంచి ఏరి తెచ్చిన నా కార్డుని వాళ్ళ ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి వచ్చాను. సీసా మేం ఉన్నన్నాళ్ళూ ముందు అరలోనే ఉంది. ఇప్పుడు హైదరాబాదులో రాత్రి తొమ్మిదయ్యేసరికి ఫోను మోగుతుంది. హలో లేదు, బాగున్నావా లేదు. "వేసుకున్నావా?" అంతే.