తారకరామలో మళ్లీ ఆట

కాచిగూడ స్టేషన్‌లో రైలు దిగి బయటికొచ్చాక ఒకసారి వెనక్కి తిరిగి ఆ గుమ్మటాలు చూసుకోవడం నాకు అలవాటు. 1916లో నిజాం రైల్వే కట్టించిన స్టేషన్ అది. మా ఊరి రైలు అక్కడికే వచ్చేది. చదువుకునే రోజుల్లో పక్కనే బర్కత్‌పురాలో ఒక గది అద్దెకు తీసుకుని ముగ్గురం ఉండేవాళ్లం. ఇంటి నుంచి మనియార్డర్ అందిన సాయంత్రం ముగ్గురం కలిసి వెళ్లే చోటు ఒకటే, కాచిగూడ తారకరామ. ఏం సినిమా ఆడుతోందని ముందుగా కనుక్కునేవాళ్లం కాదు. ఫస్ట్ షోకి టికెట్లు దొరక్కపోతే ఇరానీ చాయ్ తాగుతూ సెకండ్ షో దాకా కూచునేవాళ్లం. ఆట వదిలాక అర్ధరాత్రి రోడ్డు మీద హీరో నడకలు నడుచుకుంటూ గదికి చేరేవాళ్లం.

ఆ హాలు ఎన్టీఆర్ కట్టించింది. అబిడ్స్‌లో రామకృష్ణ థియేటర్ కట్టించిందీ ఆయనే. చిన్న వయసులోనే పోయిన ఆయన పెద్దకొడుకు పేరు అది. తారకరామ అనగానే చాలామంది ఆయన తన పేరే పెట్టుకున్నారనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అందులో ఆయన భార్య బసవతారకం గారి పేరు కూడా ఉందని తర్వాత తెలిసింది. 1942లో పెళ్లయిన ఆ దంపతుల పేర్లు ఒక్కమాటలో ఇమిడిపోయాయి. 1985లో ఆవిడ క్యాన్సర్‌తో పోయారు. ఆవిడ పేరుతో పెద్ద ఆసుపత్రి నడుస్తోందని తెలుగువాళ్లందరికీ తెలుసు. కాచిగూడలో ఒక సినిమా హాలు గుమ్మం మీద కూడా ఆవిడ పేరుందన్న సంగతి అంతమందికి తెలియదు.

ఆ తెర మీద మొదట పడిన బొమ్మ 'అక్బర్ సలీం అనార్కలి'. ఎన్టీఆర్ స్వయంగా దర్శకత్వం వహించి అక్బర్‌గా నటించారు. సలీం వేషం ఆయన కొడుకు బాలకృష్ణది, అప్పటికింకా ఇరవై నిండని కుర్రవాడు. పాతికేళ్ల ముందు హిందీ 'అనార్కలి'కి బాణీలు కట్టిన సి. రామచంద్రనే పిలిపించి సంగీతం చేయించుకున్నారు, రఫీ చేత తెలుగులో పాడించారు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ కలగలిసి వినబడే కాచిగూడలో హాలు తెరవడానికి అంతకంటే తగిన సినిమా నాకు తోచదు. తెలుగువాళ్ల ఆరాధ్య నటుడు కట్టించిన ఆ హాల్లో అమితాబ్ 'డాన్' 525 రోజులు ఆడిందని బాలకృష్ణే ఒక సభలో చెప్పారు. అంటే డెబ్బై అయిదు వారాలు. రోజుకు నాలుగు ఆటలనుకుంటే 2,100 ఆటలు. ఒకే హాల్లో ఒకే బొమ్మ అన్నిసార్లు పడాలంటే ఊరంతా ఒకసారి వచ్చి చూసిపోతే చాలదు. పేట జనం మళ్లీ మళ్లీ రావాలి. కూరగాయలు అమ్ముకునేవాళ్లు, రైల్వే కూలీలు, సుల్తాన్‌బజార్ దుకాణాల్లో గుమాస్తాలు డైలాగులు నోటికొచ్చాక కూడా టికెట్టు కొనాలి.

అలా మళ్లీ మళ్లీ రావడం ఎందుకు ఆగిపోయిందో నాకు తెలిసినంతలో చెబుతాను. అందుకు ముందు మా ఊరి థియేటర్ కేబిన్‌లోకి వెళ్లాలి.

నాకు పదేళ్లప్పుడు ఆపరేటర్ మామయ్య ఒకరోజు నన్ను మెట్లెక్కనిచ్చాడు. చుట్టం కాదు, ఊళ్లో పిల్లలందరికీ మామయ్యే. లోపల రెండు ప్రొజెక్టర్లు. ఒక్కోదాని పొట్టలో రాగిపూత పూసిన రెండు కార్బన్ కడ్డీలు, మొన మొన ఎదురెదురుగా. కరెంటు ఇచ్చి రెంటినీ ముట్టించి కాస్త ఎడంగా జరిపితే మధ్యన తెల్లటి వెలుగు భగ్గుమంది. నల్లద్దం లోంచే చూడాలి. కడ్డీలు కాలి కురచనవుతుంటే మామయ్య మర తిప్పి మళ్లీ దగ్గరికి జరిపేవాడు. ఏమరుపాటుగా ఉంటే కింద తెర పసుపెక్కుతుంది, జనం ఈలలు మొదలెడతారు. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలకు అయిపోతుంది. అయ్యే ముందు తెర కుడిపక్క పైమూలన చిన్న చుక్క మెరుస్తుంది. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు నడపాలి, రెండో చుక్కకి వెలుగు దానికి మార్చాలి. మామయ్య ఒక చేయి ఈ మిషను మీద, ఒక చేయి ఆ మిషను మీద పెట్టి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కింద కూచున్న ఎనిమిది వందల మందికి రీలు మారిందని తెలియనే లేదు. దిగి వస్తుంటే కాలి మిగిలిన కడ్డీ ముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు. అది ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఆ రీళ్లు రేకు డబ్బాల్లో ఊరూరా తిరిగేవి. ఒక్కో ప్రింటుకి చాలా డబ్బయ్యేది కాబట్టి కొన్నే తీసేవారు. ముందు పట్నాల్లో వంద రోజులు ఆడి, తర్వాత చిన్న ఊళ్లకి, ఆ తర్వాత టూరింగ్ టాకీసుకి వచ్చేసరికి బొమ్మ మీద గీతలు పడేవి. అయినా ప్రతి హాలుకీ ఒక వంతు దక్కేది. డిజిటల్ వచ్చి ఆ డబ్బాలను తీసేసింది. మా ఊరి హాల్లో కూడా హైదరాబాద్‌తో పాటే మొదటిరోజే బొమ్మ పడింది. ఆ రోజు మేం పండగ చేసుకున్నాం. కానీ వందల హాళ్లలో ఒకేసారి పడిన సినిమా రెండు వారాల్లో పిండేసినట్టయిపోతోంది. మూడో వారం నుంచి హాలు ఖాళీ. కొన్నాళ్లకి అదే సినిమా ఇంట్లో ఫోన్‌లోకి వచ్చేస్తుంది. యాభై రోజుల పోస్టరు వేసుకోవడం గగనమైపోయింది. వెయ్యి సీట్ల హాలుకి కరెంటు బిల్లు, జీతాలు, పన్ను మాత్రం జనం వచ్చినా రాకున్నా తప్పవు. 2024 మేలో తెలంగాణలో ఒకే తెర ఉన్న హాళ్లు జనం రాక పదిరోజుల పాటు ఆటలు ఆపుకున్నాయి. మరుసటి ఏడు మేలో రెండు తెలుగు రాష్ట్రాల హాళ్ల యజమానులు తమకు అద్దె వద్దు, మల్టీప్లెక్సుల్లాగా వసూళ్లలో వాటా కావాలని గట్టిగా అడిగారు. అది న్యాయమైన కోరికే. పెద్ద సినిమా ఆడినా ఆడకపోయినా అదే అద్దె పుచ్చుకుని, పాప్‌కార్న్, పార్కింగ్ డబ్బుల మీద హాలు నడపడం ఎన్నాళ్లు సాగుతుంది?

అందుకే చాలా హాళ్లు కల్యాణ మండపాలయ్యాయి, గోదాములయ్యాయి, కొన్ని కూలిపోయి అపార్టుమెంట్లయ్యాయి. బాగుపడినవి కూడా ఎక్కువగా ముక్కలై బాగుపడ్డాయి. అమీర్‌పేట సత్యం ఉన్న చోట ఇప్పుడు మాల్, పైన మల్టీప్లెక్స్. అది తప్పని అనను. సినిమా బతికితే చాలు. కానీ రెండొందల మంది పట్టే గదుల్లో విడివిడిగా కూచుని చూడటం వేరు, పేట అంతా ఒకే కప్పు కింద ఒకేసారి నవ్వడం వేరు. ఆ నవ్వు వెనక వరుసల నుంచి కెరటంలా వచ్చి వీపుకి తగులుతుంది.

తారకరామ కూడా మధ్యలో మూతపడి, 1995లో మళ్లీ తెరుచుకుని, మళ్లీ మసకబారింది. 2022 డిసెంబర్ 14న ఏషియన్ సినిమాస్ వాళ్లు దాన్ని కొత్తగా ముస్తాబు చేసి తెరిచినప్పుడు రిబ్బను కత్తిరించింది బాలకృష్ణ. నలభై ఏళ్ల పైచిలుకు కిందట ఆ తెర మీద తండ్రి అక్బర్‌కి ఎదురుతిరిగిన సలీం, తల్లిదండ్రుల పేరున్న గుమ్మంలో జుట్టు నెరిసిన మనిషిగా నిలబడ్డాడు. రెండు రోజులకు 'అవతార్' రెండో భాగంతో ఆట మొదలైంది. 4కె ప్రొజెక్టర్, కొత్త సౌండ్, సోఫాలు, రిక్లైనర్లు. సీట్లు 600కు కాస్త లోపుకి తగ్గాయి. హాలుని మాత్రం ముక్కలు చేయలేదు. తెర ఒక్కటే.

కొత్త హాలు చూద్దామని కిందటేడు ఒక ఆదివారం మ్యాట్నీకి వెళ్లాను. దీపాలు ఆరగానే అలవాటుగా కుడిపక్క పైమూలకేసి చూశాను, చుక్క కోసం. ఇక రాదని తెలుసు. బొమ్మ నిలకడగా, ఒక్క గీత లేకుండా ఉంది. మామయ్య చూస్తే ఎంత సంతోషించేవాడో. నా ముందు వరుసలో ఒక ముసలాయన మనవణ్ణి పక్కన కూచోబెట్టుకుని, ఇక్కడే మీ నాయనమ్మతో సినిమా చూసేవాణ్ణని ఉర్దూ కలిసిన తెలుగులో చెబుతున్నాడు. పిల్లవాడి ధ్యాసంతా సమోసా మీదే ఉంది. విశ్రాంతికి లేచి వెనక్కి చూస్తే బాల్కనీ నిండుగా ఉంది, కింద సగం ఉంది.

ఆ సగం నిండటం మన చేతుల్లో పనే. పండక్కి, అభిమాన హీరో సినిమా మొదటి రోజుకి హాలు తనంతట తనే నిండుతుంది. హాలుకి మన అవసరం మామూలు రోజున. మీ పేటలో ఒక్క తెర హాలు ఇంకా మిగిలి ఉంటే, ఈ వారంలోనే ఒక మంగళవారమో బుధవారమో చూసుకుని ఫస్ట్ షోకి వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లండి, టికెట్లు కౌంటర్‌లోనే తీసుకోండి.