నక్షత్ర తాబేలుకు చలినిద్ర రాదు

మా అక్క కూతురు కాపురం ఇంగ్లండులో. వాళ్ల పిల్లవాడు ఒక తాబేలును పెంచుతున్నాడు. ఏ తాబేలనుకొన్నారు? మన చిత్తూరు తుప్పల్లో తిరిగే నక్షత్ర తాబేలే! అక్కడి చట్టం ప్రకారం కాగితాలన్నీ పుచ్చుకొని కొన్నారట. సెప్టెంబరు నెలాఖరున టెలిఫోను చేసింది.

"చిన్నమ్మా, పక్కింటావిడ తాబేలు చలికాలమంతా నిద్రపోతుందంట. మాదాన్ని కూడా అట్లే తోటలో వదిలేదా?"

పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైన మావారు పక్కనుంచి గట్టిగా చెయ్యి ఊపారు. "వద్దమ్మా!" అన్నాను.

పక్కింటావిడ మాటా అబద్ధం కాదు. గిల్బర్ట్ వైట్ అనే పాదిరీగారి తోటలో తిమోతీ అనే తాబేలుండేది. నవంబరులో మట్టి తవ్వుకొని లోపలికి పోతే మళ్లీ ఏప్రిల్‌లోనే దాని దర్శనం. 1789లో అచ్చయిన పుస్తకంలో ఆయన దాని దినచర్య రాసుకొన్నారు. (తిమోతీ అని మగపేరు పెట్టారు గాని, అది ఆడదని తర్వాత తేలింది!) దానిది మధ్యధరా సముద్రతీరపు జాతి. చలినిద్ర దానికి పుట్టుకతో వచ్చిన విద్య.

మనదానికి ఆ విద్య లేదు. ఇక్కడ అది తప్పించుకోవలసింది ఎండను. మధ్యాహ్నం పొదకింద దాక్కొని, పొద్దున, సాయంత్రం మేతకు బయలుదేరుతుంది. వాన పడితే మరీ హుషారు. చలి పెడితే మాత్రం నిద్రపోదు, నీరసించి కదలకుండా పడివుంటుంది. చూసేవారికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి, అదే ప్రమాదం. ఒంటికి వెచ్చదనం లేకపోతే తిన్న ఆకు అరగదు. చలికి తేమ తోడైతే ఊపిరితిత్తుల జబ్బు; ముక్కు కారుతుంది, నోరు తెరిచి రొప్పుతుంది.

మావారు చెప్పిన లెక్క యిది. నీడలో 25 డిగ్రీలుండి, ఎండ కాస్తూ, నేల పొడిగా వుంటే పగటిపూట తోటలో వదలవచ్చు. 20కి దిగుతోందంటే లోపలికి తేవాలి. ఆ దేశంలో రాత్రి బయట వుంచనే కూడదు. యింట్లో దీపంకింద ఒక మూల 30 డిగ్రీల పైన వుండాలి, రెండో మూల చల్లగా వుండాలి. ఏది కావాలో అదే చూసుకొంటుంది. థర్మామీటరు గోడకు కాదు, నేలమీద పెట్టి చూడాలి. మనిషి ఎత్తున వున్న వెచ్చదనం తాబేలుకెందుకు?

ఇది చదివి మన పిల్లలు "మనకూ ఒకటి" అంటారేమో. మన దేశంలో దీన్ని పట్టడం, అమ్మడం, యింట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదృష్టమని ఎవరైనా అమ్మజూపితే అటవీశాఖవారికి కబురు చెయ్యండి. పొలంగట్టున కనిపిస్తే, చిప్పమీది పసుపుచారల నక్షత్రాలను పిల్లలకు చూపించి వదిలెయ్యండి. బండ్లదారికి అడ్డంగా నడుస్తూంటే, అది పోతున్నవైపుకే దాటించి, అక్కడి తుప్పపక్కనే దింపండి.